గాదె మూసిన నాలుగు గంటలు

శనివారం ఉదయం పది నుంచి రెండు దాకా గాదె మూసి ఉంటుందని వారం ముందే నోటీసు వచ్చింది. ఆ నాలుగు గంటల్లో మా దగ్గర్నించి ఒక్క ప్యాకెట్ కూడా బయటికి పోకూడదని, పోతే పేరు మార్చుకుంటానని ఆఫీసంతటికీ వినబడేట్టు చెప్పాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పంతం దాని పక్కనే కూర్చుంటుంది.

గాదె అంటే ధాన్యం పోసేది కాదు. మేము రాసే కోడ్, మ్యాపులు, వాటిలో మార్పులు అన్నీ దాచే పెద్ద సర్వర్‌కి మా ఆఫీసులో ఆ పేరు. మాది అంబులెన్సులకి దారి చూపించే సాఫ్ట్‌వేర్. ఏ రోడ్డు తవ్వారు, ఏ గేటు మూశారు, ఏ వంతెన మీద పని జరుగుతోంది, ఇవన్నీ పూటపూటకీ మారుతుంటాయి. అందుకని గంటగంటకీ మా మిషన్లు గాదెలోంచి తాజా సరుకు తెచ్చుకుని, ప్యాకెట్ కట్టి, పరీక్షించి, అరగంటలో అంబులెన్సుల్లో ఉన్న తెరలన్నిటికీ పంపేస్తాయి. మనిషి చెయ్యి పడక్కర్లేదు. ఇలా కట్టడాన్నే బిల్డ్ అంటాం. ఇలాంటి బిల్డ్‌లు మాకు ఇరవై మూడు ఉన్నాయి. గాదె మూసినప్పుడు వీటిని ఆపకపోతే వచ్చి తలుపు కొడతాయి, లోపల్నించి పలుకు ఉండదు, మళ్ళీ కొడతాయి, చివరికి అందరి ఫోన్లకీ ఏడుపు మెయిళ్ళు పంపుతాయి. గాదె మూసే ముందు వీటిని ఆపడం, తెరిచాక వదలడం నా పని. తొమ్మిదేళ్ళుగా అదే పని. ఆఫీసులో నన్ను బ్రేకులమ్మ అంటారు, నా ఎదురుగా కాదులెండి.

ఈసారి ఇంత పంతానికి కారణం పదకొండు నిమిషాలు. సరిగ్గా పది రోజుల కిందట, బుధవారం మధ్యాహ్నం మూడింటికి, ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయంలో ఒకావిడ కుప్పకూలింది. అంబులెన్సు వెంటనే బయల్దేరింది. మా మ్యాపు దాన్ని ముందు గేటుకి తీసుకెళ్ళింది. కాలవ పని కోసం ఆ గేటు ఆ పొద్దున్నే మూసేశారు. చుట్టూ తిరిగి వెనక గేటుకి చేరేసరికి పదకొండు నిమిషాలు పోయాయి. ఆవిడ ప్రాణం దక్కింది గానీ మాట పడిపోయింది. ఆవిడ కొడుకు కంట్రోల్ రూముకి ఉత్తరం రాశాడు. అందులో తిట్లేమీ లేవు. "గేటు మూసిన సంగతి మీకు ముందే తెలియదా?" అని ఒక్కటే అడిగాడు. ఆ కంట్రోల్ రూములో ఫోన్లు ఎత్తేది మా వదిన. ఉత్తరం నాకు చదివి వినిపించి, ఏం జవాబు రాయమంటావని అడిగింది. తర్వాత చెబుతానని తప్పించుకున్నాను.

ఎందుకంటే మాకు ముందే తెలుసు. గేటు సంగతి ఆ పొద్దున్నే మా దగ్గరికి చేరింది. దాన్ని మ్యాపులో దిద్దాల్సింది మేష్టారు.

మేష్టారు నిజంగా మేష్టారే. ఇరవై రెండేళ్ళు బడిలో లెక్కలు చెప్పి, ఆ బడి మూతపడ్డాక, యాభై దాటిన వయసులో ఈ పని నేర్చుకుని మా దగ్గర చేరారు. పన్నెండు లోపే గేటు దిద్దానని ఆయన అన్నారు. దిద్ది ఉంటే పన్నెండు గంటల ప్యాకెట్లో అది వెళ్ళి ఉండాలి. వెళ్ళి ఉంటే మూడింటికి బండి ముందు గేటుకి ఎందుకు పోతుంది? ఆ రోజు ఒంటిగంట నుంచి నాలుగు దాకా గాదె మూసి డిస్కులు మార్చారు. బిల్డ్‌లన్నీ నేనే ఆపాను కాబట్టి మధ్యలో ఏదీ వెళ్ళే వీల్లేదు. గాదె తెరిచాక చూస్తే దిద్దుబాటు అయితే ఉంది, కానీ డిస్కుల మార్పు పుణ్యమా అని ఆ రోజు రాసినవాటన్నిటి మీదా నాలుగు గంటల ముద్రే పడింది. దాంతో అందరం ఒకటే అనుకున్నాం. మేష్టారు మర్చిపోయారు, గొడవ తెలిశాక గబగబా దిద్దారు.

పన్నెండు గంటల ప్యాకెట్ విప్పి చూస్తే తేలిపోయేది. నేను విప్పలేదు. కోపంలో ఉన్న మనిషికి విప్పి చూడటం కంటే తిట్టడం సులువు. పాత ప్యాకెట్లు రెండు రోజులకి వాటంతటవే చెరిగిపోతాయి, అదీ చెరిగిపోయింది. "మేష్టారూ, మర్చిపోయానని ఒప్పుకుంటే పరువేం పోదు," అన్నాను, పదిమంది ముందు.

మొదటి రెండు రోజులు ఆయన వాదించారు. మూడో రోజు నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నారు.

"మర్చిపోయే ఉంటానమ్మా. మా అన్నయ్యకీ ఇలాగే మొదలైంది. చేశాననేవాడు, చూస్తే చేసుండేవాడు కాదు. ఆఖరికి నన్నే ఎవరు బాబూ నువ్వు అని అడిగాడు," అన్నారు. నెలాఖరుకి మానేస్తానని ఆ సాయంత్రమే కాగితం ఇచ్చారు. అప్పట్నించీ ఒక నోటు పుస్తకం చేత్తో పట్టుకునే తిరుగుతున్నారు. ఏ పని చేసినా టైము వేసి రాసుకోవడం, రాసింది మళ్ళీ చదువుకోవడం. బీరువా తాళం వేసి మెట్ల దాకా వెళ్ళి వెనక్కొచ్చి లాగి చూడటం. నాకు జాలి వేసేది, దాంతో పాటే విసుగూ వేసేది.

ఆ శనివారం డ్యూటీ మా ఇద్దరికే పడింది. పెద్దాసుపత్రికి వెళ్ళే వంతెన మీద వెల్డింగు పని ఉందని, తొమ్మిది నుంచి మూసేస్తున్నామని ఎనిమిదిన్నరకి కబురొచ్చింది. మేష్టారు వెంటనే మ్యాపులో దిద్దారు. అంబులెన్సులు వంతెన ఎక్కకుండా కింద రోడ్డు మీంచి వెళ్ళాలి. తొమ్మిది గంటల బిల్డ్ దాన్ని కట్టి తొమ్మిదిన్నరకి పంపింది. దిద్దిన టైము పుస్తకంలో రాసుకుని మేష్టారు నా ముందు పెట్టారు.

"ఇక్కడ ఒక సంతకం పెట్టమ్మా. నా మాట మీద నాకే నమ్మకం లేదు."

అంతటి మనిషి నా సంతకం అడుగుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. పెట్టాను. తర్వాత ఇద్దరం కూర్చుని బిల్డ్‌లు ఆపాం. ఆయన జాబితాలోంచి ఒక్కో పేరూ చదివారు, నేను ఒక్కోటీ ఆపాను, ఆయన టిక్కు పెట్టారు. అయిపోయాక మళ్ళీ మొదటి నుంచీ చూద్దామన్నారు. పళ్ళ బిగువున సరేనన్నాను. ఇరవై మూడూ ఆగాయి. పదికి ఎనిమిది నిమిషాలుండగా వదినకి ఫోన్ చేసి, రెండింటి దాకా మా దగ్గర్నించి ఏమీ రాదని చెప్పాను. పోయినసారి ఆ ముక్క చెప్పాలని ఎవరికీ తోచలేదు.

పదింటికి గాదె మూశారు. ఆఫీసులో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. టీ తాగాం. హమ్మయ్య అనుకున్నాను.

పదీ యాభైకి వదిన ఫోన్.

"ఏమే, ఏమీ రాదన్నావు? పదకొండున్నరకి కొత్త మ్యాపు ఎక్కుతుందని తెర మీద పడిందిక్కడ."

"పడటానికి వీల్లేదు వదినా. అన్నీ ఆపేశాం."

"నాకేమన్నా చత్వారమా? ఎర్రక్షరాల్తో ఉంది. ముప్ఫై ఆరు బళ్ళకీ అట."

మేష్టారు అప్పటికే జాబితా తెరిచి వేలు పెట్టి లెక్కపెడుతున్నారు. ఇరవై మూడు. అన్నీ ఆగే ఉన్నాయి. "నేనే ఏదన్నా టిక్కు తప్పు పెట్టానేమో చూడమ్మా," అన్నారు.

"ఆ ప్యాకెట్ పేరేముందో చదువు వదినా," అన్నాను.

"పేరా... ముందు బామ్మ అని ఉంది, తర్వాత అంకెలు. ఇదేం పేరే, ప్యాకెట్‌కి?"

ఆ పేరు పెట్టింది నేనే.

ఆరేళ్ళ కిందటి మాట. అప్పట్లో గాదె చెప్పా పెట్టకుండా పడిపోతుండేది. పడిన ప్రతిసారీ బిల్డ్‌లు ఆగేవి, మాకు చీవాట్లు పడేవి. నాకు రోషం వచ్చింది. మూల పడున్న ఒక పాత కంప్యూటర్ని దులిపి, ప్రతి రాత్రీ గాదెకి ఒక నకలు తీసుకునేట్టు పెట్టాను. గాదె అరగంట పాటు పలక్కపోతే ఆ కంప్యూటర్ తనే లేచి, రాత్రి తీసిన నకలుతో ప్యాకెట్ కట్టి, పరీక్షించి, ఇంకో గంటకి పంపేస్తుంది. ఎప్పుడూ ఊరికే కూర్చోదు కాబట్టి బామ్మ అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ మురిసిపోయాను. తర్వాత గాదె మెరుగుపడింది, మా ఆఫీసు పై అంతస్తుకి మారింది, బామ్మ కింద పాత స్టోరు గదిలో ఉండిపోయింది. ఇరవై మూడింటి జాబితా రాసింది ఆ తర్వాత. అందులో బామ్మ లేదు, రాసిన నాకే గుర్తులేదు. మేం ఎంత జాగ్రత్తగా అన్నీ ఆపితే, అది అంత శ్రద్ధగా పని అందుకుంటుంది. గాదె కింద పందికొక్కుని తరిమేవాళ్ళుంటారు గానీ, తెచ్చి పెంచింది నేనొక్కదాన్నే.

రాత్రి తీసిన నకలుకి వంతెన మూసిన సంగతి తెలీదు. పదకొండున్నరకి ఆ ప్యాకెట్ వెళితే ముప్ఫై ఆరు బళ్ళ తెరలూ వంతెన ఎక్కమనే చెబుతాయి. ఎక్కే దారి సన్నం, వెనక బళ్ళు చేరితే అంబులెన్సు వెనక్కి తిరగలేదు.

"వదినా, వంతెన మీదికి ఎవర్నీ వెళ్ళొద్దని రేడియోలో ఒక్కొక్కరికీ చెప్పు. తెర ఏం చూపించినా సరే."

"చెప్తాను. కానీ రోగి లోపలుంటే డ్రైవరు తెర మాట వింటాడా, నా మాట వింటాడా? నువ్వు దాన్ని ఆపు."

కింద పాత స్టోరు గదిలో ఒక మిషన్ ఉందని చెప్పి పరిగెత్తబోతుంటే మేష్టారు నా చేతిలో స్క్రూడ్రైవర్ పెట్టారు. "ఇవాళ తాళంచెవి ఇచ్చేవాళ్ళెవరూ ఉండరు. తాళం జోలికి పోకు. గడియకి మరలు బయటివైపే ఉన్నాయి, నాలుగు. కుడిపక్క పైది వదులు. అక్కడ మూడేళ్ళ కిందట కుర్చీలు సర్దించినప్పుడు చూశాను," అన్నారు. ఆయన్ని ఫోన్ దగ్గర ఉండమని చెప్పి మెట్లు దిగాను. లిఫ్టు కోసం ఆగలేదు.

మరలు నాలుగే. కుడిపక్క పైది వదులుగానే ఉంది. రెండోది తిప్పుతుంటే మా మేనేజర్ ఫోన్ చేశారు. ఆయన్ని అర్జెంటుగారు అంటాం, ఏ మెయిల్ రాసినా మొదటి మాట అదే. కంట్రోల్ రూము నుంచి ఆయనకీ కబురు వెళ్ళినట్టుంది. ఫోన్ స్పీకర్లో పెట్టి నేల మీద ఉంచాను.

"చూడండి, తలుపులూ అవీ ఊడదీయడానికి పర్మిషన్ కావాలి. అడ్మిన్ వాళ్ళకి ఒక మెయిల్ పెట్టండి. అర్జెంట్ అని రాయండి."

"వాళ్ళకి శనివారం సెలవండీ."

"ఒక రెండు గంటలు పాత మ్యాపు వెళితే కొంపలు మునిగిపోతాయా?"

"పోయినసారి మునిగింది కదండీ."

"అది వేరే. అది మనిషి పొరపాటు."

మూడో మర తుప్పు పట్టి ఉంది. స్క్రూడ్రైవర్ జారి బొటనవేలు చీరుకుపోయింది. చీర చెంగు చుట్టుకుని మళ్ళీ పట్టాను. ఈసారి తిరిగింది. "తలుపుకి నేనే జవాబు చెప్పుకుంటానండీ," అని ఫోన్ ఆపేశాను. నాలుగో మర ఊడింది, గడియ తాళంతో సహా చేతిలోకి వచ్చింది.

లోపల దుమ్ము, రంగు డబ్బాలు, కాళ్ళు విరిగిన కుర్చీలు. వాటి వెనక బల్ల కింద బామ్మ గుర్రుగుర్రుమంటూ పని చేసుకుంటోంది. తెర మీద తొంభై ఒకటి శాతం అని ఉంది. టైము పదకొండూ ఇరవై రెండు. మోకాళ్ళ మీద పాకి వెళ్ళి నెట్‌వర్క్ తీగ పీకేశాను. పై నుంచి మేష్టారు ఫోన్ చేశారు. కంట్రోల్ రూము తెర మీంచి ఎర్రక్షరాలు పోయాయట. ఒక్క బండికీ ఏదీ వెళ్ళలేదట.

అక్కడితో లేచి వచ్చేయొచ్చు. వచ్చేయలేదు. ఇది ఇన్నేళ్ళలో ఇంకెప్పుడైనా పంపిందా అని అనుమానం వచ్చింది. పంపినవాటి జాబితా తెరిచాను. ఎనిమిది వరుసలున్నాయి. మొదటి ఏడింటి వల్ల ఏ గొడవా జరిగినట్టు లేదు, ఆ గంటల్లో మ్యాపులో మార్పులేమీ లేకపోయి ఉంటాయి. ఎనిమిదోది పది రోజుల కిందటిది. బుధవారం, రెండున్నర.

రంగు డబ్బా మీద కూర్చుండిపోయాను. ఒంటిగంటకి గాదె మూశారు. నేను అన్నీ ఆపాను. రెండున్నరకి బామ్మ రాత్రి నకలు పంపింది, అందులో ముందు గేటు తెరిచే ఉంది. మూడింటికి బండి బయల్దేరింది. నాలుగున్నరకి మా మామూలు ప్యాకెట్ వెళ్ళి అన్నీ మళ్ళీ సర్దుకున్నాయి. మేష్టారు పన్నెండుకి ముందే దిద్దారు. బళ్ళకి చేరింది కూడా. దాన్ని చెరిపింది నేను పెట్టిన మిషను. ఆయన్ని పదిమందిలో నిలబెట్టి ఒప్పుకోమన్నదీ నేనే.

అబద్ధమెందుకు, ఒక ఆలోచన వచ్చింది. ఆ ఎనిమిదో వరుస ఒక్కటీ తీసేస్తే ఎవరికీ తెలియదు. మేష్టారు ఎలాగూ నెలాఖరుకి వెళ్ళిపోతున్నారు. బామ్మని తీసేస్తాను కాబట్టి ఇక ముందు ఏ ప్రమాదమూ లేదు. ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఫోన్‌తో ఆ తెరని మూడు ఫోటోలు తీశాను. తర్వాత బామ్మ కరెంటు తీగ కూడా పీకి, చుట్టచుట్టి చంకలో పెట్టుకుని పైకి వచ్చాను.

మేష్టారు పుస్తకంలో 'పదకొండూ ఇరవై రెండు, ఆగింది' అని రాసుకుని నా కోసమే చూస్తున్నారు. "వేలికి ఏమైందమ్మా?" అన్నారు.

"మేష్టారూ, మీరు మర్చిపోలేదు," అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. ఫోటో చూపించాను. ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా జరిగింది వరసగా చెప్పాను. బామ్మ ఎవరిదో చెప్పాను. పన్నెండు గంటల ప్యాకెట్ విప్పి చూడకుండా ఆయన్ని తిట్టిన సంగతి కూడా చెప్పాను, అది ఆయనకి తెలీదు. ఆయన ఫోన్ తీసుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, చిన్న పిల్లల రాత చదివినట్టు ఒక్కో అంకే చదివారు.

"రెండున్నర."

"అవునండీ."

"అంటే నేను ముందే దిద్దాను."

"దిద్దారు. తప్పు నాది. క్షమించండి మేష్టారూ."

క్షమిస్తారనుకున్నాను. పెద్దాయన కదా, పోనీలే అమ్మా అంటారనుకున్నాను. ఆయన ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడుకి నేను ఉలిక్కిపడ్డాను.

"పది రోజులు! పొద్దున లేవగానే నేనేం చేసేవాణ్ణో తెలుసా? నా దగ్గర చదువుకున్న పిల్లల పేర్లు తరగతివారీగా తల్చుకునేవాణ్ణి, ఏ పేరు జారిపోతుందోనని. మా ఆవిడ గ్యాస్ కట్టేశావా అని అడిగితే వణికిపోయేవాణ్ణి. ఇంకొకళ్ళు చెబితే నమ్మేవాణ్ణి కాదు. నువ్వు చెప్పావు కాబట్టి నమ్మాను. నువ్వు పనిలో తప్పు చెయ్యవని నమ్మాను!"

నేను తల దించుకుని నిలబడ్డాను.

"ఇది నాకొక్కడికి చెబితే సరిపోదు. అన్నది పదిమందిలో," అన్నారు, గొంతు కాస్త తగ్గించి.

"ఇప్పుడే రాస్తాను."

అర్జెంటుగారికి ఫోన్ చేశాను, మేష్టారు వినేట్టుగా. ఆయన అంతా విని, సోమవారం కూర్చుని మాట్లాడదామన్నారు. ఒకరి పేరు పెట్టక్కర్లేదు, పాత మిషన్లో సాంకేతిక లోపం అని రాద్దాం, ఉత్తరం రాసినాయనకి కూడా ఆ మాటే చెబుదాం అన్నారు. అనుభవంతో చెబుతున్నాను, కంగారు పడకండి అన్నారు. జీవితంలో మొదటిసారి ఆయనకి ఏదీ అర్జెంటు కాలేదు.

"లోపం ఏమీ లేదండీ. నేను ఏం చెయ్యమని పెట్టానో అది అదే చేసింది," అన్నాను.

మెయిల్ మొత్తం ఆఫీసుకి రాశాను. బామ్మని ఎవరు పెట్టారో, జాబితాలో ఎందుకు లేదో, బుధవారం రెండున్నరకి ఏం వెళ్ళిందో రాశాను. మేష్టారు పన్నెండు లోపే దిద్దారని రాసి, ఫోటోలు జత చేశాను. ఆ పదకొండు నిమిషాల బాధ్యత నాదని, ఆవిడ కొడుక్కి జవాబు నేనే రాస్తానని, వదిన దగ్గర్నించి ఉత్తరం తీసుకుంటున్నానని రాశాను. మేష్టారిని ఒకసారి చదవమన్నాను. చదివి, ఏమీ దిద్దకుండా పంపమన్నారు. పంపాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అప్పుడు ఆలోచించలేదు. ఇంటికెళ్ళాక బోలెడు భయపడ్డాను, అది వేరే సంగతి.

మేష్టారు ఫోన్ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు. ఆయన వీపు మాత్రమే నాకు కనిపిస్తోంది.

"నేనే. ఏం చేస్తున్నావు? కాదు, ఏం కాలేదు... సోమవారం ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళక్కర్లేదు. అదే, మతిమరుపు డాక్టరు... కాదే, నిజంగానే. నేను ముందే దిద్దానట. రుజువు దొరికింది, కళ్ళారా చూశాను." కాసేపు విన్నారు. ఆయన భుజాలు వంగిపోయాయి. "ఏడవకు. నువ్వక్కడ ఏడిస్తే నేనిక్కడ ఏం చెయ్యను? ఆపు, ఆపవే," అని తనూ వెక్కుతూనే, కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నారు.